పాత సినిమా కలెక్షన్లను నేటి విలువలోకి మార్చేటప్పుడు ఏ సూచీ వాడాలి, ఏ ఏడాదితో లెక్కించాలి?

మీ ప్రశ్నను క్లుప్తంగా చెబితే ఇది. స్టార్ వార్స్ మొదటి సినిమాకు అమెరికా, కెనడా రెండూ కలిపి ఇప్పటిదాకా వచ్చింది 46.1 కోట్ల డాలర్లు. దాన్ని మీరు ద్రవ్యోల్బణం కాలిక్యులేటర్‌లో 1977 నుంచి 2019కి మారిస్తే 194 కోట్ల పైచిలుకు వచ్చింది. సినిమా సైట్లలో మాత్రం అదే సినిమాకు అదే 2019 విలువలో 160 కోట్ల దగ్గర కనిపించింది. ఇంత తేడా ఎందుకు, రెండింట్లో ఏది నమ్మాలి, బడ్జెట్‌ను కూడా ఇలాగే మార్చవచ్చా అని అడిగారు.

160 కోట్లనే నమ్మండి. తేడా ఎక్కడ వచ్చిందన్న దాని మీద మాత్రం మీ ఊహ సరి కాదు. ‘సైట్లు టికెట్ రేటుతో లెక్కిస్తాయి, నేను ధరల సూచీతో లెక్కించాను, అందుకే తేడా వచ్చింది’ అని మీరు రాశారు. (ధరల సూచీ అంటే జనం కొనే వస్తువుల ధరలు సగటున ఎంత పెరిగాయో చూపే అంకె.) ఆ రెండూ వేర్వేరు పద్ధతులన్నది నిజమే. కానీ ఈ సినిమా విషయంలో మాత్రం రెండూ దాదాపు ఒకే జవాబు ఇస్తాయి. మీ లెక్క పెరిగిపోయింది 1997 రీ-రిలీజ్ దగ్గర.

అంకెలు వేసి చూద్దాం. కోవిడ్‌కు ముందు థియేటర్లు మామూలుగా నడిచిన చివరి ఏడాది కాబట్టి ఈ జవాబంతటా 2019నే బేస్ ఇయర్‌గా, అంటే పాత డబ్బును ఏ ఏడాది విలువలోకి మారుస్తామో ఆ ఏడాదిగా తీసుకుంటాను. అమెరికా వినియోగదారుల ధరల సూచీ 1977లో సగటున 60.6, 2019లో 255.7. అంటే 4.22 రెట్లు. థియేటర్ యజమానుల సంఘం ప్రకటించిన సగటు టికెట్ రేటు 1977లో 2.23 డాలర్లు, 2019లో 9.16 డాలర్లు. అంటే 4.11 రెట్లు. చూశారుగా, ఈ 42 ఏళ్లలో సినిమా టికెట్ కూడా మిగతా వస్తువులతో పాటే పెరిగింది. ఏ సూచీ వాడినా ఇక్కడ పెద్దగా తేడా రాకూడదు.

మరి తేడా ఎక్కడిది? ఆ 46.1 కోట్లు ఒకే ఏడాది వచ్చిన డబ్బు కాదు. 1997 జనవరి ఆఖర్లో స్పెషల్ ఎడిషన్ పేరుతో సినిమాను మళ్లీ విడుదల చేశారు. అందులో 13.8 కోట్లు వచ్చాయి. ఆ 13.8 కోట్లు కట్టిన ప్రేక్షకులు 1997 రేటుకు, అంటే సగటున 4.59 డాలర్లకు టికెట్ కొన్నారు. మీరు ఆ డబ్బును కూడా 1977 నాటి డబ్బుగా భావించి 4.22తో గుణించేశారు. 1997 నుంచి 2019కి ధరల సూచీ పెరిగింది 1.59 రెట్లే.

విడదీసి మళ్లీ వేద్దాం. 1997 ముందు వచ్చినవి 32.3 కోట్లు. 2.23తో భాగిస్తే 14.5 కోట్ల టికెట్లు. 1997లో వచ్చిన 13.8 కోట్లను 4.59తో భాగిస్తే 3 కోట్ల టికెట్లు. మొత్తం 17.5 కోట్ల టికెట్లు. 9.16తో గుణిస్తే 160 కోట్ల డాలర్లు. ఇప్పుడు ఇదే పనిని ధరల సూచీతో చేయండి. 32.3 ఇంటూ 4.22, దానికి 13.8 ఇంటూ 1.59 కలపండి. 158 కోట్లు వస్తుంది. రెండు పద్ధతుల మధ్య తేడా 2 కోట్లు. మీకు ఎక్కువగా వచ్చిన 34 కోట్లూ దాదాపుగా ఆ ఒక్క రీ-రిలీజ్ వల్ల వచ్చినవే. (1978 నుంచి 1982 మధ్య కూడా ఈ సినిమాను మళ్లీ మళ్లీ ఆడించారు, అప్పటికి రేటు కొంచెం పెరిగింది. పక్కాగా లెక్కించాలంటే దాన్నీ విడదీయాలి. ఇక్కడ అంత అవసరం లేదు.)

చాలా ఏళ్లుగా ఈ కలెక్షన్ల లెక్కలతోనే పని చేస్తున్నాను. తప్పుడు అంకెల్లో ఎక్కువ శాతం ఇలాంటివే అని గట్టిగా చెప్పగలను. జనం ఏ సూచీ మంచిదని వాదించుకుంటారు. ఏ డబ్బు ఏ సంవత్సరానిది అని మాత్రం చూడరు. లైఫ్‌టైమ్ కలెక్షన్ అని కనిపించిన ప్రతి అంకెనూ ముందు విప్పి చూడాలి. విప్పకుండా మార్చిన అంకె ఏ సూచీతో మార్చినా తప్పే.

ఈ తప్పు ఎంత దూరం తీసుకెళ్తుందో తెలియాలంటే గాన్ విత్ ద విండ్ చూడండి. 1939 డిసెంబరులో అట్లాంటాలో ప్రీమియర్ పడింది. అమెరికా, కెనడాల్లో ఇప్పటిదాకా వచ్చినదంతా కలిపితే సుమారు 20 కోట్ల డాలర్లు. 1939లో అమెరికాలో సగటు టికెట్ 23 సెంట్లు. 20 కోట్లను 0.23తో భాగిస్తే 87 కోట్ల టికెట్లు వస్తాయి. 1940 జనాభా లెక్కల్లో అమెరికా జనాభా 13.2 కోట్లు. అంటే పసిపిల్లలతో సహా దేశంలో ప్రతి మనిషీ ఆరున్నర సార్లు ఆ సినిమా చూశాడన్నమాట. 2019 రేటుతో గుణిస్తే దాదాపు 800 కోట్ల డాలర్లు. ఎవరైనా ఈ అంకె చెబితే అది తప్పని చెప్పడానికి జనాభా ఒక్కటి చూస్తే చాలు.

నిజానికి ఆ సినిమా 1947, 1954, 1961, 1967, 1989, 1998 ఇలా తరాల తరబడి మళ్లీ మళ్లీ విడుదలైంది. 1998లో వచ్చిన డాలరు, 1940లో వచ్చిన డాలరు ఒకటి కావు. మొదటి రన్ కూడా మామూలుగా జరగలేదు. 1939 డిసెంబరు నుంచి 1940 జూలై దాకా దాన్ని రోడ్‌షో పద్ధతిలో ఆడించారు. కొన్ని థియేటర్లే, ముందుగా బుక్ చేసుకోవాల్సిన సీట్లు, టికెట్ ఒక డాలరుకు పైన. కొత్త సినిమాకు పెద్ద థియేటర్లలో ఉండే రేటుకే అది రెట్టింపు కంటే ఎక్కువ. ఆ తర్వాత రేటు సగానికి తగ్గించి, 1941లో గానీ మామూలు రేట్లకు ఇవ్వలేదు. ఒక డాలరు పెట్టి చూసినవాడి డబ్బును 23 సెంట్లతో భాగిస్తే ఆ ఒక్కడూ నలుగురిగా లెక్కలోకి వస్తాడు.

ఇవన్నీ విడదీసి వేసిన అంచనాల్లో మొదటి నాలుగేళ్లలో అమెరికాలో 6 కోట్ల టికెట్లు, అన్ని రీ-రిలీజ్‌లూ కలిపి 20 కోట్ల పైచిలుకు టికెట్లు తేలాయి. నాలుగేళ్లలో 6 కోట్లంటే అప్పటి జనాభాలో దాదాపు సగం. ఇది నమ్మదగిన అంకె, నమ్మదగినదిగా ఉంటూనే ఆశ్చర్యపరిచే అంకె. 2019 రేటుతో గుణిస్తే 185 కోట్ల డాలర్లు అవుతుంది. బాక్సాఫీస్ మోజో సైట్ జాబితాల్లో ఈ సినిమా పేరు పక్కన మీరు చూసే అంకెలు దీని చుట్టుపక్కలే ఉంటాయి. గిన్నిస్ వాళ్లు ఇదే సినిమాకు 344 కోట్ల డాలర్లు అని ఇచ్చారు. దాన్ని చూసి కంగారు పడకండి. అది ప్రపంచం మొత్తానికి, 2014 విలువలో, వేరే పద్ధతిలో లెక్కించింది. 185, 344 రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు, వాటిని పక్కపక్కన పెట్టి ఏది పెద్దదని చూడకూడదు.

ఇక సూచీ సంగతి. స్టార్ వార్స్ విషయంలో ఏ సూచీ వాడినా ఒకటే అయింది గానీ, ఎప్పుడూ అలా జరగదు. 1939 నుంచి 2019 దాకా అమెరికాలో వస్తువుల ధరలు సగటున 18.4 రెట్లు పెరిగితే సినిమా టికెట్ దాదాపు 40 రెట్లు పెరిగింది. ఇది కూడా ఒకే తీరున పెరగలేదు. 1939 నుంచి 1965 మధ్య టికెట్ 23 సెంట్ల నుంచి 1.01 డాలర్లకు వెళ్లింది, అంటే 4.4 రెట్లు. అదే కాలంలో ధరల సూచీ 2.3 రెట్లు కూడా పెరగలేదు. 1965 నుంచి 1997 దాకా మాత్రం టికెట్ రేటు ధరల సూచీ కంటే కాస్త వెనకబడింది. 1997 తర్వాత మళ్లీ ముందుకు దూసుకుపోయింది. పెద్ద మల్టీప్లెక్సులు, మెట్ల వరుస సీట్లు, ఐమాక్స్, తర్వాత త్రీడీ, ఇంకా తర్వాత పడుకునే కుర్చీలు. జనం కొనే వస్తువే మారిపోయింది.

అందుకే 1997, 1998 సినిమాల దగ్గర రెండు పద్ధతులూ బాగా విడిపోతాయి. టైటానిక్‌కు మొదటి రన్‌లో 60.1 కోట్ల డాలర్లు వచ్చాయి. సినిమా విడుదలైంది 1997 డిసెంబరు 19న, కాబట్టి ఆ డబ్బులో అత్యధిక భాగం 1998ది. 1998 టికెట్ 4.69 డాలర్లు. ఆ లెక్కన 12.8 కోట్ల టికెట్లు, 2019 రేటుతో 117 కోట్ల డాలర్లు. ధరల సూచీతో మారిస్తే 94 కోట్లే. ఇక్కడ 23 కోట్ల తేడా నిజంగా సూచీ వల్ల వచ్చినదే.

మరి రెండింట్లో ఏది ఒప్పు? రెండూ ఒప్పే, మీరు అడిగేదేమిటన్న దాన్ని బట్టి. ఎంతమంది చూశారు అన్నది మీ ప్రశ్న అయితే టికెట్ రేటుతో భాగించాలి. డాలర్లలో చెప్పినా అసలు మీరు చెబుతున్నది టికెట్ల సంఖ్యే, దాన్ని నేటి రేటుతో గుణించి డబ్బు రూపంలో చూపిస్తున్నారంతే. ఆ డబ్బు చేతికొచ్చినవాడికి దాని విలువ ఎంత, దానితో అప్పట్లో ఏమేం కొనగలిగేవాడు అన్నది మీ ప్రశ్న అయితే ధరల సూచీయే సరైంది. నిర్మాతకు, డిస్ట్రిబ్యూటర్‌కు, పెట్టుబడి పెట్టినవాళ్లకు కావలసింది ఈ రెండోది. అభిమానులు వాదించుకునేది మాత్రం మొదటిదాని గురించి. ఏ సినిమా పెద్ద హిట్ అనడంలో జనం ఉద్దేశం ఎక్కువమంది ఏది చూశారన్నదే కదా. కాబట్టి సినిమాలకు ర్యాంకులు ఇవ్వడానికి టికెట్ రేటు పద్ధతినే వాడమంటాను, ఇంకా చెప్పాలంటే డాలర్లు పక్కనపెట్టి నేరుగా టికెట్ల సంఖ్యే చెప్పమంటాను. ట్రేడ్‌లో ఫుట్‌ఫాల్స్ అనేది అదే.

టికెట్ రేటు పద్ధతికీ లోపాలున్నాయి, అవి తెలుసుకోకుండా వాడితే అది కూడా తప్పుదారి పట్టిస్తుంది. సగటు రేటు అంటే ఆ ఏడాది అన్ని సినిమాలకూ, అన్ని ఆటలకూ, అన్ని వయసుల ప్రేక్షకులకూ కలిపిన సగటు. మీరు లెక్కిస్తున్న సినిమా ఆ సగటులా ఉండాలని ఏమీ లేదు. పిల్లల సినిమా అయితే సగం టికెట్లు, మ్యాట్నీ టికెట్లు ఎక్కువ తెగుతాయి. అలాంటి సినిమా కలెక్షన్‌ను సగటు రేటుతో భాగిస్తే నిజంగా చూసినవాళ్లకంటే తక్కువమంది తేలతారు. ఎక్కువ రేటుకు ఆడిన సినిమాకు దీనికి వ్యతిరేకం, లేని ప్రేక్షకులు పుట్టుకొస్తారు. 1950లు, 60లలో రోడ్‌షో పద్ధతిలో వచ్చిన భారీ సినిమాలన్నింటికీ ఈ సమస్య ఉంది. ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్ అలా 1965లో మొదలై అమెరికాలో నాలుగున్నరేళ్లు నడిచింది. ఆ కాలంలో సగటు రేటే 1.01 నుంచి 1.42 డాలర్లకు పెరిగింది. ఏ ఏడాది ఎంత వచ్చిందో విడదీయకుండా అంతా 1965 రేటుతో భాగిస్తే రెండు వైపుల నుంచీ లెక్క ఉబ్బిపోతుంది.

ఈ కాలంలో రోడ్‌షో స్థానం త్రీడీ, ఐమాక్స్ తీసుకున్నాయి. అవతార్, అవెంజర్స్: ఎండ్‌గేమ్ మధ్య పోటీ గురించి చాలామంది అడుగుతుంటారు కాబట్టి దాన్నే తీసుకుందాం. అమెరికా, కెనడాల్లో అవతార్‌కు మొదటి రన్‌లో వచ్చింది దాదాపు 75 కోట్ల డాలర్లు, ఎండ్‌గేమ్‌కు 85.8 కోట్లు. ఎండ్‌గేమ్ లెక్క తేలిక. అది 2019 ఏప్రిల్‌లో వచ్చి ఆ ఏడాదే ముగిసింది. 9.16తో భాగిస్తే 9.4 కోట్ల టికెట్లు. అవతార్ పోస్టర్ మీద 2009 అని ఉంటుంది, 2009 సగటు రేటు 7.50. భాగిస్తే సరిగ్గా 10 కోట్లు వస్తుంది. అయితే ఆ సినిమా విడుదలైంది 2009 డిసెంబరు 18న. డబ్బులో ఎక్కువ భాగం వచ్చింది 2010లో, అప్పుడు సగటు రేటు 7.89. అంతా ఆ రేటుతో భాగిస్తే 9.5 కోట్లే. నిజం ఈ రెండింటి మధ్య, 9.5 వైపు మొగ్గుతూ ఉంటుంది. అక్కడితో అయిపోలేదు. అవతార్ డబ్బులో చాలా పెద్ద భాగం త్రీడీ స్క్రీన్ల నుంచి వచ్చింది. త్రీడీ టికెట్ మామూలు టికెట్ కంటే మూడు డాలర్లో, ఇంకా ఎక్కువో ఉండేది. ఆ సంగతి పట్టించుకుంటే టికెట్లు ఇంకా తగ్గుతాయి. ఎండ్‌గేమ్‌కు కూడా ఖరీదైన పెద్ద స్క్రీన్ల ఆటలు గణనీయంగా ఉన్నాయి, కాబట్టి అటువైపూ కొంత తగ్గించాలి.

ఇలాంటి చోట ఏది ఎక్కువమంది చూశారని నన్ను అడిగితే, ఈ పద్ధతితో తేల్చలేం అనే జవాబిస్తాను. రెండింటి మధ్య తేడా కంటే మన లెక్కలో జరగగల పొరపాటే పెద్దది. అలా చెప్పడానికి వెనకాడాల్సిన పని లేదు. 9.4 కోట్లు, 9.6 కోట్లు అని రాసి ఒకదానికి మొదటి ర్యాంకు, ఇంకోదానికి రెండో ర్యాంకు ఇవ్వడం అన్యాయం.

ఇంకో చిక్కు ఉంది, పాత సినిమాల మీద పని చేసేవాళ్లకు తప్పక ఎదురవుతుంది. 1980లకు ముందు అమెరికా ట్రేడ్ పత్రికలు ఎక్కువగా ప్రచురించినవి గ్రాస్ (టికెట్ల మీద వచ్చిన మొత్తం డబ్బు) అంకెలు కావు, రెంటల్స్. అంటే థియేటర్ తన వాటా ఉంచుకున్నాక డిస్ట్రిబ్యూటర్‌కు చేరే డబ్బు. మనం షేర్ అనేది దాన్నే. జాస్ అమెరికాలో 10 కోట్ల డాలర్లు దాటిన తొలి సినిమా అని మీరు చదివి ఉంటారు. ఆ 10 కోట్లు రెంటల్స్. దాన్ని తీసుకొచ్చి ఈనాటి సినిమా గ్రాస్ పక్కన పెడితే షేర్‌ను గ్రాస్‌తో పోల్చినట్టే. గ్రాస్‌లో దాదాపు సగం షేర్ అనుకుని రెట్టింపు చేయడం చాలామందికి అలవాటు. తాత్కాలిక అంచనాకు పనికొస్తుంది గానీ ఒప్పందాలు సినిమా సినిమాకూ మారేవి. గాన్ విత్ ద విండ్ రోడ్‌షోలో దాని డిస్ట్రిబ్యూటర్ ఎంజీఎం ఏకంగా 70 శాతం తీసుకుంది, అప్పట్లో మామూలుగా తీసుకునేది 30 నుంచి 35 శాతం. ఆ సినిమా రెంటల్స్‌ను రెట్టింపు చేస్తే గ్రాస్ లేనంత పెద్దదవుతుంది. ఆ కాలపు మామూలు సినిమాను రెట్టింపు చేస్తే చాలా తగ్గిపోతుంది. అంతకంటే వెనక్కి, మూకీల కాలానికి వెళ్తే అసలు లెక్కలే దొరకవు. 1915లో వచ్చిన ద బర్త్ ఆఫ్ ఎ నేషన్ హక్కులను ప్రాంతాల వారీగా అమ్మేశారు. కొన్నవాళ్లు తమ దగ్గర ఎంత వచ్చిందో ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. అలాంటి సినిమాకు ద్రవ్యోల్బణం సవరించిన కలెక్షన్ అని ఒకే అంకె ఇచ్చిన జాబితాను చూస్తే పక్కన పెట్టేయండి.

ప్రపంచవ్యాప్త కలెక్షన్లను నేటి విలువలోకి మార్చడం గురించి కూడా మీరు చివర్లో అడిగారు. నేనైతే ఆ పని చేయను, చేసిన అంకెలను వాడను కూడా. కారణం ఇది. ప్రపంచ మొత్తం డాలర్లలో ఉంటుంది గానీ ఆ డబ్బు డాలర్లలో రాలేదు. యూరోల్లో, యెన్‌లలో, యువాన్‌లలో వచ్చింది. ఆ దేశాల్లో ధరలు అమెరికా ధరల్లాగా పెరగలేదు. అలాంటప్పుడు అమెరికా ధరల సూచీతో మొత్తాన్ని గుణించడంలో అర్థం లేదు. మారకపు రేటు కూడా కదులుతుంది. అవతార్ ఆడిన 2010లో ఒక యూరోకు సగటున 1.33 డాలర్లు, ఎండ్‌గేమ్ ఆడిన 2019లో 1.12 డాలర్లు. ఒకే రేటుకు అంతేమంది ఫ్రాన్స్‌లోనో జర్మనీలోనో టికెట్ కొన్నా, 2019 సినిమాకు డాలర్లలో దాదాపు ఆరో వంతు తక్కువ కనిపిస్తుంది. ఇంకోవైపు చైనా. 2009లో అక్కడి మొత్తం బాక్సాఫీస్ 620 కోట్ల యువాన్‌లు, 2019లో 6,400 కోట్ల యువాన్‌ల పైన. పదేళ్లలో పది రెట్లు. అది ద్రవ్యోల్బణం కాదు, ఊరూరా కొత్త థియేటర్లు కట్టారు, కొత్త ప్రేక్షకులు వచ్చారు. అవతార్‌కు అక్కడ మొదటి రన్‌లో సుమారు 20 కోట్ల డాలర్లు వస్తే ఎండ్‌గేమ్‌కు 60 కోట్లకు పైగా వచ్చాయి. ఈ తేడాను ఏ ధరల సూచీ కూడా సరిచేయలేదు, సరిచేయాల్సిన అవసరమూ లేదు. నిజంగానే ఎక్కువమంది చూశారు.

ఎండ్‌గేమ్ 2019 జూలైలో అవతార్ మొత్తాన్ని దాటింది, 2021 మార్చిలో చైనా రీ-రిలీజ్‌తో అవతార్ మళ్లీ ముందుకొచ్చింది. అప్పట్లో జరిగిన వాదనలన్నీ సవరించని డాలర్ల మీదే. రెండు సినిమాల మధ్య తేడా 280 కోట్లలో ఒక కోటి కంటే తక్కువగా ఉన్న రోజుల్లో మారకపు రేట్ల కదలిక ఒక్కటే ఆ ర్యాంకును తారుమారు చేయగలదని చెప్పినవాళ్లు చాలా తక్కువ.

తప్పనిసరిగా ప్రపంచ లెక్క కావాలంటే దారి ఒకటే. ఏ దేశం డబ్బును ఆ దేశపు ఆ ఏడాది సగటు టికెట్ రేటుతో, ఆ దేశపు కరెన్సీలోనే భాగించి టికెట్లు రాబట్టాలి, తర్వాత టికెట్లను కూడాలి. శ్రమ ఎక్కువ, పాత సంవత్సరాలకు చాలా దేశాల రేట్లు దొరకవు. కొన్ని దేశాల్లో మాత్రం ఈ శ్రమే అక్కర్లేదు, ఎందుకంటే వాళ్లు మొదటి నుంచీ టికెట్లనే లెక్కపెడతారు. ఫ్రాన్స్ అలాంటిది. అక్కడ ఒక సినిమా పెద్ద హిట్ అంటే ఎన్ని యూరోలు అని చెప్పరు, ఎంతమంది వచ్చారని చెబుతారు. 1966లో వచ్చిన లా గ్రాండ్ వాద్రూయ్ 1.7 కోట్లకు పైగా టికెట్లతో నాలుగు దశాబ్దాల పాటు ఫ్రెంచి సినిమాల్లో మొదటి స్థానంలో నిలిచింది. 2008లో ఒక హాస్య చిత్రం 2 కోట్ల పైచిలుకు టికెట్లతో దాన్ని దాటింది. ఈ రెండు అంకెల మధ్య ఫ్రాంకులు పోయి యూరోలు వచ్చాయి, రేట్లు ఎన్నో రెట్లు పెరిగాయి, అయినా పోలిక చెక్కుచెదరలేదు. దక్షిణ కొరియా కూడా అంతే. 2014 నాటి ది అడ్మిరల్: రోరింగ్ కరెంట్స్ అనే సినిమాకు 1.76 కోట్ల టికెట్లు తెగాయి. ఆ దేశ జనాభా 5 కోట్లు. బ్రిటన్‌లో 2004లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పాత రికార్డులు తిరగేసి టికెట్ల ప్రకారం జాబితా తయారుచేస్తే 3.5 కోట్లతో మొదటి స్థానంలో వచ్చింది మళ్లీ గాన్ విత్ ద విండే.

జనాభా మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క చెప్పాలి. టికెట్లు లెక్కించాక కూడా కొందరు జనాభాతో భాగించాలంటారు, 1940లో 13.2 కోట్లున్న అమెరికా 2019కి 32.8 కోట్లు అయింది కదా అని. కావాలంటే భాగించుకోవచ్చు. అయితే అక్కడి నుంచి మీరు సినిమాను కొలవడం లేదు, ఆ కాలాన్ని కొలుస్తున్నారు. 1940లో టీవీ లేదు, సినిమాను ఇంట్లో చూసే దారి లేదు, జనం వారం వారం థియేటర్‌కు వెళ్లేవాళ్లు. ఆ తేడాలన్నిటినీ సరిచేసే సూచీ ఏదీ లేదు. ద్రవ్యోల్బణం సవరణ చేయగలిగింది రేటు తేడాను తీసేయడం వరకే, దాన్ని అంతవరకే వాడుకోవాలి.

మీరే స్వయంగా లెక్కించేటప్పుడు పని ఈ వరుసలో పెట్టుకోండి. మొదట అంకె గ్రాసా, షేరా, ఏ ప్రాంతానిది అని చూడండి. తర్వాత రన్‌ల వారీగా విడదీయండి. డిసెంబరులో వచ్చిన సినిమా అయితే తర్వాతి ఏడాదికి ఎంత పోయిందో చూసి ఆ మేరకు విభజించండి. ప్రతి ముక్కనూ ఆ ఏడాది సగటు రేటుతో భాగించి టికెట్లు కూడండి. రోడ్‌షో, త్రీడీ, పిల్లల సినిమా లాంటిదేమైనా ఉంటే టికెట్లు ఎటువైపు తప్పుతాయో పక్కన ఒక మాట రాసుకోండి. డాలర్లలోనే చెప్పాలంటే చివర్లో ఒక్కసారి బేస్ ఇయర్ రేటుతో గుణించండి, ఆ ఏడాది ఏదో అంకె పక్కనే రాయండి. ఏడాది రాయని సవరించిన అంకె మరుసటి ఏడాదికే పనికిరాకుండా పోతుంది, కానీ జనం దాన్ని పదేళ్లు వాడుతూనే ఉంటారు.

చివరిగా బడ్జెట్. బడ్జెట్‌కు టికెట్ రేటును వాడకండి. టికెట్ రేటుకూ, నటులకూ సిబ్బందికీ ఇచ్చిన జీతాలకూ, సెట్ల కర్రకూ, ఫిల్మ్ ఖరీదుకూ సంబంధం లేదు. ఖర్చు పెట్టిన డబ్బు విలువ తెలియాలంటే ధరల సూచీయే వాడాలి. స్టార్ వార్స్ బడ్జెట్ 1.1 కోట్ల డాలర్లు, 4.22తో గుణిస్తే 2019 విలువలో 4.6 కోట్లు. ఇక్కడ ఏ సూచీ వాడినా పెద్ద ప్రమాదం లేదు. గాన్ విత్ ద విండ్ బడ్జెట్ సుమారు 38.5 లక్షల డాలర్లు. ధరల సూచీతో మారిస్తే 7 కోట్లు, టికెట్ రేటుతో మారిస్తే 15 కోట్లు దాటుతుంది. రెండోది తప్పు. అలాగే కలెక్షన్‌ను టికెట్ రేటుతో, బడ్జెట్‌ను ధరల సూచీతో మార్చి, ఒకదానిలోంచి ఇంకోటి తీసేసి లాభం అని చెప్పకూడదు. లాభం కావాలంటే రెండింటినీ ధరల సూచీతోనే మార్చాలి, అదీ గ్రాస్‌ను కాకుండా నిర్మాణ సంస్థ చేతికి వచ్చిన షేర్‌ను, ఏ ఏడాది ఎంత వచ్చిందో ఆ ఏడాది సూచీతో.